చెమటకు కారిపోయే పౌడరు

మా ఆయన వైటూకే కంప్యూటర్ పనికని మేం సిడ్నీ వచ్చిన కొత్తల్లో, పారమట్టా వెళ్లే రైల్లో ఒక బ్రెజిల్ పెద్దాయన మా ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు మా అమ్మాయి స్వాతికి స్కూల్లో ఫొటో తీస్తారు. పిల్ల చామనఛాయ. ఫొటోలో తెల్లగా పడాలని రైల్లోనే దాని మొహానికి పౌడరు అద్దుతున్నాను.

ఆయన అది చూసి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. స్వాతి నాకు తెలుగులో చెప్పింది.

"అమ్మా, ఈ తాతగారి నాన్న ఫుట్‌బాల్లో గోల్స్ కొట్టేవాడంట. అప్పట్లో పెద్ద క్లబ్బుల్లో నల్లవాళ్లని ఆడనిచ్చేవాళ్లు కాదంట. అందుకని వాళ్లమ్మ మొహానికి బియ్యప్పిండి పూసి పంపేదంట."

"మరి చెమట పట్టదటే?" అన్నాను.

స్వాతి అడిగితే ఆయన నవ్వి, తన చెంప మీద వేలితో పైనుంచి కిందికి గీత గీశాడు.

"సగం ఆటకే కారిపోయేదంట. జనం ఎగతాళి చేసేవాళ్లంట. గోల్స్ మాత్రం అప్పుడే ఎక్కువ కొట్టేవాడంట."

చెప్పడం అయ్యాక పిల్ల నా చేతిలో డబ్బా వంక చూసింది. "మరి నాకెందుకమ్మా?" అంది.

కొంగుతో దాని మొహం తుడిచేశాను.

ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. పిల్ల తన రంగులోనే నవ్వుతుంటుంది. చెవి పక్కన మాత్రం, కొంగు అందని చోట, కాస్త తెలుపు మిగిలిపోయింది.