హోమ్ రన్ల యూసుఫ్ కోసం అల్ ఖోర్ దాకా

ఖతర్‌లోని అల్ ఖోర్ వెళ్ళొచ్చిన వాళ్ళు సముద్రం గురించి, చేపల గురించి రాస్తారు. నేను అక్కడికి ఒక సమాధిని వెతుక్కుంటూ వెళ్ళాను. తొంభైల మధ్య మాట ఇది. అప్పట్లో దోహాలో ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మరికొందరితో కలిసి ఒక విల్లాలో గది. సెలవు మీద ఇండియా వెళ్ళి, నిజామాబాద్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో ఉండగా యూసుఫ్ భార్య షహనాజ్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అసలు కథ అక్కడ మొదలైంది.

యూసుఫ్ ఎవరో చెప్పాలి. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని కూడా తెలియని జనం మధ్య బేస్‌బాల్ ఆడి, రాష్ట్ర జట్టుకు ఎంపికైన బోధన్ మనిషి. మా కాలంలో ఆ ఆట ఆడిన వాళ్ళకు అతనొక దేవుడు. బ్యాట్‌కి తగిలిన బంతి మైదానం దాటిపోయేది, హోమ్ రన్ అంటే అదే. ఆయనగారు మాత్రం తాపీగా నడుస్తూ నాలుగు మూలల్లోని బేస్‌లన్నీ చుట్టి వచ్చేవాడు. "బంతి ఎట్లాగు రాదు, ఇగ ఉరుకుడెందుకు?" అని నవ్వేవాడు. నేను అదే జట్టులో క్యాచర్‌ని, బ్యాట్ పట్టినవాడి వెనక కూర్చుని బంతులు పట్టేవాణ్ణి. ఒకసారి నా కళ్ళ ముందే బంతి తగిలి అతని ఎడమచేతి ఉంగరపు వేలు విరిగింది. కట్టు కట్టించుకుని మర్నాడే ఆటకు వచ్చాడు, మొండిఘటం. వేలు వంకరగానే అతుక్కుని, మళ్ళీ ఎప్పుడూ తిన్నగా కాలేదు.

ఆట అన్నం పెట్టలేదు. యూసుఫ్ ఖతర్ వెళ్ళి, అల్ ఖోర్ దగ్గర గ్యాస్ ప్లాంట్ కట్టే చోట పనికి కుదిరాడు. నేను దోహా చేరే ముందు ఏడాదే పోయాడు. అక్కడే మట్టి చేశారు.

"అన్నా, ఆయన దుబాయ్‌ల చచ్చిపోయిండని కాగితమొచ్చింది," అంది షహనాజ్. ఆమెకు గల్ఫ్ మొత్తం దుబాయే. "కాగితానికి ముఖముంటదా? నేను ఆయన ముఖం చూడలే, మట్టి చూడలే. ఇప్పుడు మా అన్నలు మళ్ళ నికాహ్ చేస్తమంటున్నరు. మనిషి మంచోడేనంట. కని ఈయన యాడనో బతికుంటే? నా మనసు ఒప్పుతలేదు. కబర్ ఫోటో ఒక్కటి పంపు అన్నా, పేరు కనవడాలె." తీసి పంపుతానమ్మా అని మాటిచ్చేశాను. నాకు తొందరెక్కువ.

తిరిగొచ్చిన మొదటి శుక్రవారం, పొద్దున్నే గది వదిలి బస్టాండ్ దగ్గర షేర్ టాక్సీ ఎక్కాను. మనిషికి పది రియాల్. వెనక ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. డ్రైవర్ పఠాన్. "అల్ ఖోర్‌లో ఎవరున్నారు?" అని హిందీలో అడిగాడు. దోస్త్ ఉన్నాడని చెప్పాను. "డ్యూటీ ఎక్కడ చేస్తాడు?" అన్నాడు. పోయాడని చెప్పాక దారంతా పాటలు ఆపేశాడు. ఊళ్ళు దాటాక ఇటు ఇసుక, అటు ఇసుక, మధ్యలో రోడ్డు. గంటలోపే దిగిపోతారు, అయినా ఎండ ముదరకముందే బయలుదేరడం మేలు.

దిగిన చోట ఒక మలయాళీ హోటల్లో చేపల పులుసు, పరోటా తిన్నాను. కడుపు నిండా తిన్నా నాలుగు రియాల్ దాటలేదు. వంటవాడు యూసుఫ్ పేరు వినగానే గరిటె పక్కన పెట్టి బయటికొచ్చాడు. శుక్రవారాల్లో జపాన్ ఇంజినీర్లు, ఫిలిప్పీన్స్ పనివాళ్ళు ఇసుకలో గీతలు గీసి బేస్‌బాల్ ఆడేవారట. ఈ క్యాంప్ ఒక వారం, ఆ క్యాంప్ ఒక వారం యూసుఫ్‌ని పికప్‌లో వచ్చి తీసుకెళ్ళేవారట. ఒకసారి అతను కొట్టిన బంతి రోడ్డు మీద పోయే చేపల బండిలో పడి మార్కెట్ దాకా వెళ్ళింది. మరుసటి శుక్రవారం ఆ చేపలాయన బంతితో పాటు పెద్ద హమూర్ చేపను కూడా తెచ్చి యూసుఫ్ చేతిలో పెట్టాడట. "ఆ చేప ఇక్కడే వండాను, ఇరవై మంది తిన్నారు," అన్నాడు వంటవాడు. నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

అన్వర్‌కి కబురు పెట్టింది కూడా అతనే. అన్వర్ జగిత్యాల మనిషి, ట్రక్ డ్రైవర్, యూసుఫ్ గదిలోనే ఉండేవాడు. జుమా నమాజ్ అయ్యాక పికప్ తెచ్చుకుని వచ్చాడు. షహనాజ్ పేరెత్తగానే ఇంజిన్ ఆపేశాడు.

"ఆ దినం పానం మంచిగ లేదన్నడు, రాజన్నా. నేనే యల్లా యల్లా, నడువు అని ఆటకు తోల్కపోయిన. దూరం కొట్టిండు. ఎప్పటి లెక్కనే నడుసుకుంట మూడో బేస్ దాక వచ్చి కూసున్నడు. పరాచికమాడుతుండని అందరం నవ్వినం. గుండె ఆగిందని దవాఖానల జెప్పిన్రు. ఏం ముఖం పెట్టుకొని భాబీతోని మాట్లాడాలె?"

ఊరి చివర కబరస్తాన్. ఎత్తైన గోడ, లోపల ఇసుక మీద వరుసలుగా చిన్న చిన్న రాళ్ళు. ఒక్క రాయి మీదా అక్షరం లేదు! ఇక్కడి పద్ధతే అంత, షేక్ అయినా కూలీ అయినా పేరుండదట. సంచిలోంచి కెమెరా తీయబోతే కాపలా ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇస్మ్ మాఫీ, సూరా మాఫీ," అన్నాడు. పేరూ లేదు, ఫోటో లేదు. అన్వర్ రెండు మూడు వరుసలు తిరిగి, "ఇదో, దీని పక్కదో" అని ఆగిపోయాడు. యూసుఫ్‌ని మట్టి చేశాక అక్కడ ఇంకా ఎన్నో కబర్లు వచ్చాయి.

బయటికొచ్చాక నాకొక ఆలోచన వచ్చింది. గేటు దగ్గర నిలబడి, దూరం నుంచి ఏదో ఒక రాయిని ఫోటో తీస్తే సరి. షహనాజ్ మనసు కుదుటపడుతుంది, ఆమె బతుకు ముందుకు సాగుతుంది. అదే అన్వర్‌తో అన్నాను.

"గా మాట అనకు!" అని మండిపడ్డాడు. "ఎవలిదో మట్టి సూపిచ్చి భాబీకి నికాహ్ జేపిస్తవా? నేను ఈ చేతులతోని ఆయనకు గుసుల్, ఆఖరి స్నానం జేపిచ్చిన. కఫన్ బట్ట కట్టిన. అబద్ధం ఎందుకు పంపాలె?"

నాకూ కోపం వచ్చింది. "అయితే ఆ మాటే ఆమెకు చెప్పవయ్యా! నీ నోటితో నువ్వే చెప్పు," అన్నాను.

అప్పట్లో ఊరికి ఫోన్ కలవడం గగనం. మా వాళ్ళంతా క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. అన్వర్ గదికి వెళ్ళి, ఒక పాటల క్యాసెట్ టేప్‌రికార్డర్‌లో పెట్టి రికార్డ్ బటన్ నొక్కాను. అతను మెల్లగా మొదలుపెట్టాడు. "సలాం భాబీ. నేను అన్వర్‌ని." యూసుఫ్‌ని ఆటకు తీసుకెళ్ళింది తానేనని దాచకుండా చెప్పాడు. దవాఖానా, స్నానం, అత్తరు, కఫన్ అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చాడు. "చేతులు సాపు జేసి పక్కకు పెట్టినం భాబీ. ఎడమచేతి ఉంగరం వేలు మాత్రం సక్కగ కాలే. ఎంత జూసినా వంగే ఉండె. అట్లనే కఫన్ కట్టినం."

ఆ వేలి సంగతి నేను అన్వర్‌కి చెప్పలేదు. యూసుఫ్ పోయాడని అప్పటిదాకా నేనూ ఎక్కడో ఒక మూల నమ్మలేదని అప్పుడు తెలిసింది. ఆ గదిలో కూర్చుని యూసుఫ్ కోసం మొదటిసారి ఏడ్చాను.

రెండు నెలలకు బోధన్ నుంచి ఇంకో క్యాసెట్ వచ్చింది. అది పట్టుకుని మళ్ళీ అల్ ఖోర్ వెళ్ళి అన్వర్‌తో కలిసి విన్నాను. షహనాజ్ గొంతు. "విన్న అన్నా. మా నికాహ్ నాడు ఆ వేలికి ఉంగరం ఎక్కకుంటే నవ్విన. ఆయనే. అన్వర్ భాయ్ మీద నాకేం కోపం లేదని చెప్పు, ఆయనకు స్నానం జేపిచ్చినందుకు దువా చేస్తున్న. నికాహ్ సంగతి అన్నలకు తర్వాత చెప్త. ఇన్ని దినాలు నేను ఏడ్వలే. ఇప్పుడు ఏడుస్త."

మైదానం అవతల పడ్డ బంతుల గురించి మేమంతా ఇప్పటికీ చెప్పుకుంటాం. నాకు మాత్రం యూసుఫ్ అనగానే తిన్నగా కాని ఆ వేలు గుర్తుకొస్తుంది. ఎంతో దూరం కొట్టిన మనిషిని ఇంటికి చేర్చింది ఆ వేలే. రాయి మీద పేరు లేదని ఆరోజు ఎంత బాధపడ్డానో, ఇప్పుడు అంత బాధ లేదు. అతని ఒళ్ళు తెలిసిన మనుషులు ఇద్దరున్నారు, ఒకరి మాట ఒకరికి చేరింది.

మీలో ఎవరైనా అక్కడ మట్టిలో కలిసిన మనవాళ్ళ కోసం వెళ్ళేటట్టయితే నాదొక సలహా. కెమెరా గదిలోనే వదిలేయండి, రాళ్ళ మీద పేర్లు వెతక్కండి. ముందు పోయిన మనిషి ఉన్న క్యాంప్‌కి వెళ్ళి, ఆఖరి స్నానం చేయించింది ఎవరో అడగండి.