చెరుకుగడ లేజీమ్

లేజీమ్ అంటే ఆటే గాదనేటోళ్లు మా బడి పోరగాళ్లు. "గజ్జెల లెక్క గల్లుగల్లుమనుడు గూడ ఆటేనా?" అని ఎక్కిరించేటోళ్లు. వాళ్లది కబడ్డి మరి, దుమ్ము లేస్తేనే ఆట! బోధన్ ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద చెరుకు తోలే మా బాపుది గూడ అదే మాట. "ఆడపిల్ల అందరి ముంగట ఎగురుడేంది? జెండా పండుగనాడు వచ్చి సూస్త. ఉత్త గంతులే అయితే ఇంక బంద్" అన్నడు. నా పానమంత అండ్లనే ఉండె.

కట్టెకు ఇనుప గొలుసు, గొలుసుకు బిళ్లలు, గదీ లేజీమ్. బడిల ఉన్నయి కొన్నే. దొరకనోళ్లం చెరుకుగడ పట్టుకొని నేర్సుకునేటోళ్లం, సప్పుడు నోటితోనే. "నడుము వంగాలె, మొఖం వంగొద్దు!" అని డ్రిల్లు టీచరమ్మ ఒర్రేది. ఒక్కదాని మోకాలు తప్పితే అందరం మళ్ల మొదటికెల్లి. తొడలు పట్టుకపోయేటియి. కానీ అందరి కాళ్లు ఒక్కతీరుగ పడ్డప్పుడు, అబ్బ, నేను ఒక్కదాన్ని గాదు, ఇంతమందిని అనిపించేది. ఆఖర్న గడను ఛాతికి ఆనిచ్చి కదలకుండ నిలవడాలె. టీచరమ్మ "బస్, ఇగ సాలు" అన్నదే ఆలస్యం, మా లేజీములన్నీ కొరుక్కతినుడే!

జెండా పండుగనాడు నా చేతికి అసలు లేజీమ్ ఇచ్చిండ్రు. డోలు మీద దెబ్బ పడ్డది. కూసున్నం, లేసినం, తిరిగినం. అంత ఇనుము కలిసి ఒక్కటే సప్పుడు. పోరగాళ్ల నోళ్లు మూతవడ్డయి. ఆఖరుకు లేజీమ్ ఛాతి కాడ ఆపినం. టీచరమ్మ "బస్" అన్నది. నా చెయ్యి అలవాటు కొద్ది నోటికాడికి వోయింది. కసుక్కున కొరికిన. కట్టె!

మైదానమంత ఇరగబడి నవ్విండ్రు. బాపు ఒక్కడే నవ్వలే. అయిపాయె, నా ఆట బంద్ అనుకున్న. గేటు బయట చెరుకుతోని ఉన్న మా బండి ఎక్కి, ఏడుపు ఆపుకుంట కూసున్న.

బాపు ఎడ్లను అదిలిచ్చిండు.

"మీరు కూసొని లేస్తుంటే ఒక్కతి గూడ ఎనుక వడలే" అన్నడు. "నాయి ఉన్నయి రెండే ఎడ్లు. ఎన్నేండ్లు తోలినా గట్ల కలిసి అడుగెయ్యయి."

నేను ఏడుపు మరిచి బాపు మొఖం సూసిన. బాపు ఎనుకకు తిరిగి, మోపులకెల్లి సక్కటి గడ ఒకటి గుంజి నా చేతిల పెట్టిండు. అప్పుడు నవ్విండు.

"ఇగో, రేపటికి. ఆడినంకనే తిను."