చెవి వెనక చెయ్యి

పిల్లలెవరైనా ఇంటి భాషలో ఒక్క ముక్క మాట్లాడితే చాలు, ఓలా టీచర్ కుడిచెయ్యి చెవి వెనక్కి వెళ్ళేది. అరచెయ్యి దొప్పలా వంచి, కనుబొమలు ఎత్తి, ఏమీ అర్థం కానట్టు నిలబడేది. వాళ్ళు తడుముకుని, నీళ్ళు నమిలి, చివరికి ఆ మాట స్పానిష్‌లో అనేవరకు చెయ్యి దించేది కాదు. దాహం వేసినవాడు 'అగ్వా' అంటేనే మంచినీళ్ళు.

వచ్చీ రాగానే 'ఓలా' అని పలకరిస్తుంది కనుక పిల్లలు ఆమెకి ఆ పేరు పెట్టారు. ఉండేది ఊరికి ఆ కొసన. రెండు బస్సులు మారి బడికి వచ్చేది. పెళ్ళికి ముందు స్పానిష్ వాళ్ళ దేశంలో ఒక కుటుంబంలో పసిపిల్లల్ని చూసుకునే పని చేసింది. అక్కడ ఆమె భాష ఎవరికీ రాదు. ఆకలేసినా, జ్వరం వచ్చినా వాళ్ళ మాటల్లోనే చెప్పుకోవాలి. అలా వచ్చిన భాష అది.

"మనకి వాళ్ళ భాష వచ్చని తెలిస్తే పిల్లలు కష్టపడరండీ," అని చేరిన రోజునే ప్రిన్సిపాల్‌తో అంది. ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. పిల్లలతో ఆపకుండా, టీచర్ ఆ దేశంనుంచే వచ్చిందని, మన మాట ఒక్కటీ రాదని తల్లిదండ్రులకి కూడా చెప్పుకున్నాడు. ఆమె కాదనలేదు.

ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. "పగలంతా నోరు కట్టేసుకుని జీతం తెచ్చేది మా ఆవిడొక్కతే. సాయంత్రం ఆ కసంతా నా చెవుల మీద తీర్చుకుంటుంది," అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. నిజమే. పిల్లలు ఆమె ముందు గోడముందు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. ఆమె చెప్పుల గురించి, నడక గురించి, ఎవరింట్లో ఎవరు ఎవర్ని కొట్టారో ఆ సంగతుల గురించి. అన్నీ మోసుకొచ్చి భర్త ముందు కుమ్మరించేది.

ఏటా సంవత్సరం చివర్న ద్రాక్షపళ్ళ పాఠం ఉండేది. ఆ దేశంలో కొత్త సంవత్సరం వచ్చే వేళ గడియారం పన్నెండు కొడుతుంటే, గంట మోగినప్పుడల్లా ఒక్కో ద్రాక్షపండు నోట్లో వేసుకుంటారు. తరగతిలో గంట ప్యూను కొట్టేవాడు. పళ్ళు ఆయా కడిగి పళ్ళాల్లో పెట్టేది. తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్ళు.

ఆ ఏడు రెండో తరగతిలో ఒక చిన్నపిల్ల ఉండేది. పిచ్చుక అనేవాళ్ళు. గంట మొదలయ్యే ముందు ఆ పిల్ల టీచర్ దగ్గరికి వచ్చి మెల్లిగా అంది.

"టీచర్, నేను తినలేను. గొంతులో పుండుంది. మింగితే నొప్పి."

టీచర్ విన్నది. ప్రతి మాటా విన్నది. వెనక వరసలో తల్లిదండ్రులున్నారు. తలుపు దగ్గర ప్రిన్సిపాల్ చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది.

పిచ్చుక మాటల కోసం వెతుక్కుంది. ఆ మాటలు టీచర్ నేర్పలేదు. రంగులు నేర్పింది, పళ్ళు నేర్పింది, నెలలు నేర్పింది. నొప్పి తర్వాతి పాఠం. చివరికి ఆ పిల్ల తనకి వచ్చిన మాట అంది. "సీ." సరే అని. పళ్ళెం తీసుకుని వెళ్ళి కూర్చుంది.

ఐదో గంటకో ఆరో గంటకో పండు అడ్డం పడింది. పిల్ల మొహం నీలంగా మారింది. గడపలో నిలబడ్డ ఆయా బెంచీలు తోసుకుంటూ వచ్చి, పిల్లని మోకాలి మీద బోర్లా వేసుకుని వీపు మీద చరిచింది. పండు నేలమీద పడి దొర్లింది. పిల్ల ఏడ్చింది. గదిలో అందరికీ ఊపిరి ఆడింది.

"టీచర్ చూసుకోవద్దా?" అన్నాడు ఒక తండ్రి.

"ఆవిడేం చేస్తుంది పాపం. మన మాట రాదు కదా," అంది పిచ్చుక తల్లి, పిల్లని గుండెకి అదుముకుంటూ. ఇంకెవరో టీచర్‌కి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆమె అర్థం కానట్టు నిలబడి ఆ నీళ్ళు తాగింది. తల్లి భుజంమీంచి పిచ్చుక ఆమెని చూసి, బొంగురు గొంతుతో "పెర్దోన్" అంది. తప్పు చేస్తే చెప్పాలని ఆమె అందరికంటే ముందు నేర్పిన మాట అది.

ప్రిన్సిపాల్ ఆమెని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "గండం గడిచింది. మీకు మన భాష రాదనుకోవడమే మిమ్మల్ని కాపాడింది."

"ఆ పిల్ల ముందే చెప్పిందండీ. నాకు వినబడింది."

"వినబడిందని ఎవరికి తెలుసు? బయటికి పొక్కిందా, ఇక మీరు రానక్కర్లేదు. ఇంకో మనిషిని చూసుకుంటాను."

పెరట్లో ఆయా పళ్ళాలు కడుగుతోంది. తలెత్తలేదు. "నేను గడపలోంచే విన్నానమ్మా. నువ్వు పక్కనే ఉన్నావు," అంది. పళ్ళెం బోర్లించి ఇంకోటి తీసుకుంది.

ఆ సాయంత్రం భర్త ఆమెకేసి రెండుసార్లు చూశాడు. "ఏమే, ఇవాళ నా చెవులకి సెలవా?" అన్నాడు. ఆమె కూర తరుగుతూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున పిల్లలు తరగతి ముందు వరసగా నిలబడ్డారు. ఆమె ఓలా అనలేదు. పిచ్చుక ముందు మోకాళ్ళమీద కూర్చుని, "గొంతు నొప్పి తగ్గిందా అమ్మా?" అంది, ఇంటి భాషలో.

చెప్పుల గురించి నవ్వినవాడు తల దించుకున్నాడు. పిచ్చుక ఆమె మొహంలోకి చూసింది.

"నిన్న కూడా మీకు మా మాట వచ్చా?"

"వచ్చు."

పిచ్చుక ఆమెకి తగలకుండా పక్కకి ఒదిగి లోపలికి వెళ్ళింది. చివరి బెంచీలో కూర్చుంది. ఆమె లేచి, ప్రిన్సిపాల్ గదివైపు నడిచింది.