పులి డబ్బాకి మేము చేసిన కొత్త మోడల్

నాలుగో తరగతిలో ఉండగా నా పేరు ఏభై.

అసలు పేరు వేరే ఉంది... మా వీధిలో ఎవరూ పిలిచేవారు కారు.

దానికి కారణం ఒక రేకు డబ్బా. అరచేతిలో పట్టేంత గుండ్రటి డబ్బా... పైన అద్దం, లోపల పులి మొహం బొమ్మ. కళ్ళ దగ్గర రెండు చిన్న గుంటలు. ఆవగింజ కంటే కాస్త పెద్దవి, రెండు ఇనుప గుండ్లు లోపల దొర్లుతూ ఉండేవి. డబ్బాని అటూ ఇటూ వంచి ఆ రెంటినీ పులి కళ్ళలో కూర్చోబెట్టాలి. అంతే ఆట.

శివరాత్రి తీర్థంలో దాన్ని కొనుక్కున్నది మా పైడమ్మ వదిన. మేనత్త కూతురు... నాకంటే రెండేళ్ళు పెద్ద. డబ్బా ఆమెది కాబట్టి రూలూ ఆమెదే. ఒకరు ఆడుతుంటే మిగతావాళ్ళు చుట్టూ నిలబడి పైకి లెక్కపెట్టాలి. వదిన పన్నెండు దాటేది కాదు. నాకేమో నలుగురు చూస్తే చేతులు వణుకుతాయి... ఒక గుండు కూర్చుంటే రెండోది లేచిపోయేది. ఏభై రాగానే వదిన డబ్బా లాక్కునేది.

"ఏభై అయిపోనాది. ఇచ్చీరా, పులికి నిద్రొస్తన్నాది!"

అలా వచ్చింది పేరు.

ఒకసారి వదినా వాళ్ళు భావనపాడు వైపు పెళ్ళికి వెళ్ళారు. నాలుగు రోజులు. పోతూ పోతూ డబ్బా నా చేతిలో పెట్టింది.

"నేర్సుకో. గీత పడిందంటే మాత్రం తోలు తీసీగలను."

రెండు రోజులు పశువుల శాలలో ఒక్కడినే కూర్చుని ఆడాను. ఆవు తప్ప ఎవరూ చూడకపోతే పదిహేనులో కూర్చునేవి! అంటే తప్పు నాది కాదు... డబ్బాది. గుండ్లు మరీ తేలిక. గుంటలు మరీ లోతు తక్కువ.

ఈ సంగతి సింహాచలానికి చెప్పాను. నా ఈడువాడే... వాళ్ళ నాన్నకి రోడ్డు మీద సైకిల్ రిపేరు కొట్టు ఉండేది.

"దానికేటిరా, సైకిల్ సెక్రంలో గుండ్లు ఏసీ. గుడ్ల మీద కోడిలాగ కూకుంటాయి" అన్నాడు.

మూడో రోజు పని మొదలుపెట్టాం. మేకుతో అంచు లేపి అద్దం తీశాం. సైకిల్ గుండ్లు పెద్దవి... గుంటల్లో పట్టలేదు. మేకు పెట్టి రాయితో కొట్టి గుంటలు పెంచాం. దాంతో పులి కళ్ళు ఎంత పెద్దవయ్యాయంటే, అదే ఇంకో పులిని చూసి జడుసుకున్నట్టుంది.

"బాగున్నాదిరా. ఇప్పుడు అచ్చం నీలాగే ఉన్నాది" అన్నాడు సింహాచలం.

అంతా అయ్యాక చూస్తే, లేపిన అంచు మళ్ళీ అద్దాన్ని పట్టడం లేదు. జిగురు కావాలి. జిగురు సీసా బడిలో మాస్టారి బల్ల మీద ఉంటుంది... అడిగే ధైర్యం నాకెక్కడిది?

ఆ వేళే మా నానమ్మ పప్పుండలకి బెల్లం పాకం పడుతోంది. ఆవిడ ఉండ నోట్లో వేసుకున్నవాడు మళ్ళీ మాట్లాడడానికి అరగంట పట్టేది. అంత గట్టి పాకం. సింహాచలం నా వైపు చూశాడు. నేను గరిటె వైపు చూశాను.

అంచు చుట్టూ పాకం పోశాం. చల్లారాక గోరు దిగలేదు. రాయి!

మర్నాడు వదిన వచ్చింది. మధ్యాహ్నం అరుగు మీద పిల్లలందరూ చేరారు. డబ్బా పొద్దుటి నుంచీ నా లాగూ జేబులోనే ఉంది. ఎండ, ఒంటి వేడి... పాకం కరిగి లోపలికి దిగుతుందని మాకు తట్టలేదు.

"ఏదీ, సూపించరా ఏభై... ఏటి నేర్సుకున్నావో" అంది వదిన.

లెక్క మొదలైంది. ఒకటి... రెండు... చేతులు వణుకుతూనే ఉన్నాయి. అయినా ఒక గుండు కంట్లో పడింది. పడి ఉండిపోయింది. ఆరుకి రెండోది కూడా!

ఏడు అని ఎవరూ అనలేదు.

వదిన డబ్బా తీసుకుని ఊపింది. గుండ్లు కదల్లేదు. బోర్లించింది. కదల్లేదు. మోకాలికేసి కొట్టింది. పులి గుడ్లు మిటకరించి ఆమెనే చూస్తోంది. ఇంతలో అద్దం కింద, పులి ముక్కు మీదుగా, చీమ ఒకటి తీరిగ్గా నడిచి వెళ్ళింది.

వదిన అంచు మీద వేలు రాసి నాకింది.

"ఒరే... బెల్లమేటిరా ఇది?"

వెనక్కి తిరిగి చూశాను. సింహాచలం అప్పటికే లేడు.

అంతమంది ముందు నోరు విప్పడం నాకు అదే మొదలు. "గుండ్లు బరువువి ఏసినాం వదినా... గుంటలు లోతు సేసినాం... జిగురు దొరకనేదు..." మొదలుపెడితే ఆగలేదు. మేకు, రాయి, గరిటె... ఏదీ దాచలేదు.

రెండు దెబ్బలు ఖాయమనుకున్నాను. వదిన డబ్బాని చేతిలో ఎగరేసి తూకం చూసింది.

"బరువు బాగున్నాది. పులే మరీ ఎర్రిబాగులోడిలాగున్నాది... కొత్త బొమ్మ ఎయ్యాల. మెడకి ఏసుకోడానికి తాడొకటి కట్టాల. బెల్లం మాత్రం వద్దురా, సచ్చినోడా. రేపు మళ్ళీ విప్పుదాం... నేనూ వస్తాను."

ఏభై అన్న పేరు ఆరోజుతో పోయింది. బెల్లం అని కొత్తది వచ్చింది.

ఆ వేసవంతా ముగ్గురం ఆ డబ్బాని విప్పుతూ బిగిస్తూ గడిపాం... ఆడింది తక్కువ.

మొన్న ఎచ్చెర్లలో చదువుతున్న మా మనవరాలు ఇంటికొచ్చింది. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్ ఒకటి చూపించింది. దానికి కొత్త మోడల్ రావచ్చని కబురట. తెర పెద్దది కావాలంది, ఛార్జింగ్ ఎక్కువసేపు ఉండాలంది. "ముట్టుకోకపోయినా బొమ్మ పక్కకి పోతన్నాది తాతా, ఈ మీట మార్చాల" అంది.

నాకు హుషారొచ్చింది. తిప్పి చూసి, "ఎక్కడ విప్పాలమ్మా?" అన్నాను.

"అమ్మో, విప్పకు తాతా! గ్యారంటీ పోతాది. కంపెనీవోళ్ళే మార్చాల. మనం కొనుక్కోవడమే."

సరేనని ఇచ్చేశాను. చక్కటి వస్తువు... నున్నగా, అంచు కూడా తెలియదు. ఏం మార్చాలో ఈ కాలం పిల్లలకి మాకంటే బాగా తెలుసు... పాపం, చెయ్యి పెట్టే సందే లేదు.

చిన్నప్పుడు బాగుచేద్దామని విప్పి, మీరు పాడుచేసిన వస్తువు ఏదైనా ఉంటే కింద రాయండి. సిగ్గుపడకండి... నేనే రాశాను కదా.