పక్కన పెట్టిన తేనె డబ్బా

ఆ రోజుల్లో మార్కాపురంలో నాతో బేరమాడి నెగ్గిన మనిషి లేడు. ఇది గొప్పకు చెప్పడం లేదు, నలుగురూ ఒప్పుకున్న సంగతి. (మా నాయన ఒక్కడు మినహాయింపు. ఆయనతో బేరమాడే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.) ఆ విద్యలో నేనెక్కిన శిఖరం ఏదంటే, ఇవ్వనని పదిసార్లు చెప్పిన మనిషి దగ్గర పైసా ఇవ్వకుండా ఐదు కేజీల తేనె కొసరు పట్టడం. అక్కడితో ఆగి ఉంటే ఈ పాటికి ఆ కథ పెళ్లిళ్లలో చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. ఆగలేదు. ఆ తేనెను జర్మనీ దాకా పంపుదామనుకున్నాను.

మాది కిరాణా దుకాణం. డిగ్రీ చేతికొచ్చాక పప్పులు తూచడం నామోషీ అనిపించి, ‘ఎక్స్‌పోర్ట్’ అనే మాటను పట్టుకున్నాను. ఒంగోలు దగ్గర ఒక కంపెనీ తేనె కొని జర్మనీ లాంటి విదేశాలకు పంపేది. గిద్దలూరు, కంభం వైపు పెట్టెల్లో తేనెటీగలు పెంచేవాళ్ల దగ్గర కేజీ నూట ఇరవైకి కొని, కంపెనీకి నూట నలభైకి చేర్చడం నా పని. చేసేది కంభం నుంచి ఒంగోలు దాకా ఒక డ్రమ్మును మోయించడమే అయినా, విజిటింగ్ కార్డు మీద మాత్రం భూగోళం బొమ్మ వేయించుకున్నాను. కంపెనీకి ఒక నియమం ఉండేది. తేనె తీసే ప్రతి మనిషికీ ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు డ్రమ్ము మీద రాయాలి. పరీక్షలో డ్రమ్ము తప్పితే నంబరు కొట్టేస్తారు. ఇక ఆ మనిషి తేనె వాళ్లు ముట్టుకోరు.

నాకు తేనె పోసేది మేమంతా పెట్టెల పిన్ని అని పిలిచే ఆవిడ. కంభం దగ్గర పల్లె. ఇంటిల్లిపాదీ కూలికి పోయే కుటుంబం. పొదుపు గ్రూపులో అప్పు తీసుకుని ముప్పై పెట్టెలు కొని, పొద్దుతిరుగుడు చేలు ఎక్కడ పూస్తే అక్కడికి వాటిని మోసుకెళ్లేది. పెట్టెలు చూసుకుంటూనే మిరప కోతలకూ పోయేది. ఊళ్లో వాళ్లు మొదట్లో నవ్వారట. కంపెనీ నంబరు వచ్చాక నవ్వడం మాని రేటు అడగడం మొదలుపెట్టారు. ఆ నంబరు పోతే ఆమెకు అప్పు మిగులుతుంది, పెట్టెలు మిగులుతాయి, ఆ ధరకు కొనేవాడు మిగలడు. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ రోజు పది డబ్బాలు తూచుకున్నాం, డబ్బాకు ఇరవై ఐదు కేజీల లెక్కన. అంతా అయ్యాక చూస్తే, గోడ వారగా గోనెపట్టా కప్పి చిన్న డబ్బా ఒకటి ఉంది.

“అదేంది పిన్నీ, దాన్ని దాచినావు?”

“దాచలేదు అబ్బయ్యా, పక్కన పెట్టినా. మా మరిది పెట్టెలది. ఈగల పిల్ల పురుగులు కుళ్లిపోతావుంటే మందుల షాపులో జొరం మాత్రలు తెచ్చి చక్కెర నీళ్లల్లో కలిపి పోసినాడు. ఆ తేనె మీ కంపెనీకి పనికిరాదు.”

దుకాణంలో పుట్టినవాడికి ఇలాంటి మాట ఎలా వినిపిస్తుందో చెప్పాలి. మా దుకాణంలో మేలురకం కందిపప్పు ఎప్పుడూ లోపలి బస్తాలో ఉంటుంది. పాత ఖాతాదార్ల కోసం. కొత్తవాళ్లెవరైనా దాని మీద చెయ్యి వేస్తే, “అది పుచ్చిందిలేమ్మా, ముందున్నది తీసుకోండి” అంటాం. కాబట్టి అమ్మేవాళ్లు పనికిరాదన్నదే అసలు సరుకని నా చదువు. పిన్ని నాలాంటిదే అనుకున్నాను. ఆమెకు అంతకన్నా పెద్ద అవమానం ఇంకెవరూ చేసి ఉండరు.

“పది డబ్బాలు కొన్నోనికి కొసరు ఇయ్యవా పిన్నీ?”

“ఇస్తా. మంచిదాంట్లో అరకేజీ పట్టకపో.”

“నాకు ఆ డబ్బానే కావాల.”

“మందుదని చెప్తావుంటే ఏంది నీ గోల? మందిరానికి పోయేదాన్ని, అబద్ధం చెప్తానా?”

గంటసేపు కూర్చున్నాను. వెళ్తున్నట్టు రెండుసార్లు లేచాను. మధ్యలో ఆమె కోళ్లకు నూకలు చల్లింది, బియ్యం ఏరింది, ఎసరు పెట్టింది. చివరికి విసిగిపోయి డబ్బా నా కాళ్ల దగ్గర పెట్టింది.

“నీకు తేనె కంటే కొసరే తీపి. పట్టకపో. ఏమన్నా చేసుకో, డ్రమ్ములో మాత్రం పొయ్యొద్దు.”

దారిలో ఆటో ఆపి వేలు ముంచి రుచి చూశాను. మిగతా పది డబ్బాల కంటే బాగున్నట్టే అనిపించింది. (ఉచితంగా వచ్చినదేదీ నా నాలుకకు చేదుగా తగిలిన గుర్తు లేదు.) నా అనుమానం రుజువైపోయింది. ఐదు కేజీలు, కేజీ నూట నలభై, ఏడు వందలు. పది డబ్బాలతో పాటు దాన్నీ డ్రమ్ములో పోసి, మూత బిగించి, పిన్ని నంబరు నా చేత్తోనే రాశాను.

మూడు వారాలకు కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. పరీక్షలు చూసే సారును మేమంతా చుక్కల సారు అనేవాళ్లం. ఏ మాటైనా చుక్కల్లోనే చెప్పేవాడు. “మీ కంభం చెరువులో ఒక్క చుక్క మందు పడినా ఆ మిషను పట్టేస్తుందయ్యా. ఇందులో జ్వరం మందు ఉంది” అని కాగితం నా ముందు పెట్టాడు. కాగితంలో అంకె చాలా చిన్నది. చిన్న అంకె కనపడగానే నాకు అలవాటైన ధైర్యం వచ్చేసింది.

“ఇంతేగదా సార్, సర్దుకోండి. కేజీకి ఐదు రూపాయలు తగ్గిస్తాను.”

“నువ్వు తగ్గించాల్సింది రేటు కాదు, మందు.”

“పోనీ పది మంచి డ్రమ్ముల్లో కలిపేస్తే కనపడదు గదా సార్?”

“కనపడుతుంది. అప్పుడు పదకొండు డ్రమ్ములు పోతాయి.”

జీవితంలో మొదటిసారి, అవతలి మనిషి ఒక్క మెట్టు కూడా దిగని బేరం చూశాను. ఆయన నా వైపు చూడటం మానేసి డ్రమ్ము మీది నంబరు రాసుకున్నాడు. “ఈమెను సోమవారం తీసుకురా” అన్నాడు.

సోమవారం పిన్ని తెల్లారి బస్సుకు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నోటు పుస్తకం. సారు మర్యాదగానే చెప్పాడు. “అమ్మా, మీ నంబరు డ్రమ్ములో మందు తేలింది. నంబరు తీసెయ్యాల్సి వస్తుంది.”

“నా పెట్టెల్లో నేను మందు పొయ్యలేదు సారూ” అని, ఆమె నా వైపు చూసింది. కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ కాసేపట్లో నేను వేసిన లెక్కలు దాచను. నోరు మూసుకుంటే నా వ్యాపారం నిలుస్తుంది. తేనె పోసే పిన్నులు గిద్దలూరు వైపు ఇంకా ముగ్గురున్నారు. చెబితే, ఒంగోలులో నా ముఖం మళ్లీ చూడరు. ఎటు కూడినా మౌనమే లాభంగా వస్తోంది. అంత స్పష్టంగా లాభం కనపడటం వల్లనే కాబోలు, భయం వేసింది. “సార్, అందులో ఒక చిన్న డబ్బా వేరేది. నేనే పోశాను. ఆమె వద్దనే చెప్పింది” అన్నాను.

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నా పేరు మీద గీత కొట్టాడు. పిన్ని పెట్టెల నుంచి కొత్త శాంపిల్ తెచ్చి మళ్లీ పరీక్ష చేయించాలనీ, రెండు పరీక్షల ఫీజూ నాదేననీ చెప్పాడు. అప్పుడు పిన్ని నింపాదిగా కవరు విప్పి, నోటు పుస్తకంలో ఒక పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలు. ‘మరిది తేనె 5 కేజీలు. మందుది. దుకాణం అబ్బయ్య పీడించి పట్టకపోయినాడు. డ్రమ్ములో పొయ్యొద్దని చెప్పినాను.’ కింద తేదీ.

బయటికొచ్చాక అడిగాను. “ఇది ముందే చూపించొచ్చు గదా పిన్నీ?”

“నువ్వు ఎంతసేపటికి చెప్తావో చూద్దామని” అంది.

డ్రమ్ము మా ఇంటికి తిరిగొచ్చింది. ఇంకా బుద్ధి రాలేదు. సీసాల్లో పోసి దుకాణంలో పెడదామని నాయనతో అన్నాను.

“జర్మనీ వాళ్లు తినగూడనిది మనోళ్లు తినొచ్చునా?” అన్నాడు నాయన.

“మన కాడ మిషను లేదు గదా నాయనా.”

“మిషను లేదు గాబట్టే నన్ను నమ్మి కొంటావుండారు.”

డ్రమ్ము మొత్తం ఊరి బయట మా స్థలంలో గుంత తీసి పోశాను. లోతుగా తీసి మన్ను కప్పమని పిన్నే చెప్పింది, లేకపోతే ఈగలు వాసన పట్టి ఆ మందును మళ్లీ పెట్టెల్లోకే మోసుకుపోతాయట. రెండో పరీక్షలో ఆమె తేనె నెగ్గింది. నంబరు నిలిచింది. ఇప్పుడామె కంపెనీకి నేరుగా పోస్తుంది. నా ఇరవై రూపాయలూ ఆమెకే. నేను దుకాణంలో పప్పులు తూస్తున్నాను.

లెక్క చెప్పేస్తాను. పిన్నికి తేనె డబ్బు ముప్పై వేలు, పూర్తిగా ఇచ్చాను. పరీక్షలు రెండు, ఒక్కోటి ఎనిమిది వేలు. డ్రమ్ము రానూపోనూ కిరాయి పద్నాలుగు వందలు. మొత్తం నలభై ఏడు వేల నాలుగు వందలు, ఏడు వందల కోసం. ఇన్నేళ్లుగా ఎవరడిగినా ఈ అంకే చెబుతూ వచ్చాను, నిజాయితీగా చెబుతున్నాననే నమ్మకంతో. ఇది రాయడానికి కూర్చున్నాకే తట్టింది. సంజాయిషీకి ఒకసారి, శాంపిల్ ఇవ్వడానికి ఒకసారి, పిన్ని ఒంగోలుకు రెండుసార్లు వచ్చింది. రెండు రోజుల కూలి ఆరు వందలు, బస్సు చార్జీలు నాలుగు వందలు. ఆమె అడగలేదు. ఆ ఇరవై మూడేళ్ల మొనగాడు తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా వెయ్యి రూపాయలు తగ్గించుకున్నాడన్నమాట. కోపం రావాలి, నవ్వొచ్చింది. సవరించిన లెక్క నలభై ఎనిమిది వేల నాలుగు వందలు. అందులో వెయ్యి ఇంకా ఇవ్వాలి.