నిప్పంటని సోఫా

మా అక్క కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి, అక్కడి పని మానుకుని వచ్చేసేటప్పుడు కార్గోలో వేసిన సామానులో ఒక సోఫా ఉంది. కొత్తపేట దగ్గర మా ఇంటికి అది వచ్చిన రోజున గుమ్మం పట్టక తలుపు రెక్కలు ఊడదీశారు. బావ పోయాక అక్క మా దగ్గరే ఉంటోంది కాబట్టి సోఫా కూడా మా ముందుగదిలోనే స్థిరపడింది.

దాని గొప్పతనం ఏమిటంటే, నిప్పంటుకోదు. అడుగున కుట్టిన చీటీ మీద ఇంగ్లీషులో ఆ మాటే రాసి ఉంది. చూడవచ్చిన ప్రతివాళ్ళ ముందూ అక్క అడుగు గుడ్డ చిరుగులోంచి చిటికెడు స్పాంజి గిల్లి, పళ్ళెంలో పెట్టి, అగ్గిపుల్ల గీసేది. స్పాంజి ముడుచుకుని నల్లబడేదే తప్ప మండేది కాదు.

"చూసేరాండీ? అగ్గిపుల్లే ఆరిపోయింది," అనేది.

"ఆయ్, నిజమేనండి," అని వాళ్ళు తలూపేవారు.

పలివెల గుడికి వెళ్ళొస్తూ మంచినీళ్ళకి ఆగినవాళ్ళకి కూడా ఈ ప్రదర్శన తప్పేది కాదు. "అలా గిల్లుకుంటూ పోతే చివరికి కూర్చోడానికి చెక్కే మిగుల్తుందే అక్కా," అని నేను లోపల్నుంచి దెప్పేదాన్ని.

ఆ వెనకే రెండో కథ వచ్చేది. "మా మేడమ్ గారు నెల తప్పిన ఏడాది ఇంట్లో సామానంతా మార్చేసేరండి. ఈ సోఫా మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు. నువ్వు పట్టుకెళ్ళు అని నాకే ఇచ్చేరు. అంత అభిమానం అండి." ఊరుగాని ఊళ్ళో అన్నేళ్ళు అంట్లు తోమి మా అక్క తెచ్చుకున్న అభిమానం అదొక్కటే. అందుకే ఆ కథ దగ్గర నేను నోరు మూసుకునేదాన్ని.

మా కోడలు అమలాపురం కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ప్రసవం సెలవులో ఇంట్లో ఉన్నప్పుడే మనవరాలు పాకడం మొదలెట్టింది. పాకే పిల్లకి నేల మీద కనబడ్డదల్లా తిండే కదా. ఒకరోజు సోఫా కిందనుంచి బయటికొచ్చిన పిల్ల పిడికిలి విప్పితే పసుప్పచ్చటి పొడి. కాస్త అప్పటికే నోట్లోకి పోయింది. నేను కొంగుతో తుడిచేసి ఊరుకునేదాన్నే. కోడలు మాత్రం పిల్ల నోరూ చేతులూ కడిగి, వంగి ఆ చీటీ చదివింది.

"నిప్పంటుకోకుండా ఇలాంటి పాత స్పాంజిల్లో బ్రోమిన్ ఉన్న మందులు కలిపేవారండి, అత్తయ్యగారూ. తర్వాత చాలా చోట్ల కొన్నిటిని ఆపేసేరు. స్పాంజి పొడైపోతుంటే అవి దుమ్ములో కలిసి ఇల్లంతా తిరుగుతాయండి. ఒంట్లోకి వెళ్ళినవి కొవ్వులో ఉండిపోయి ఓ పట్టాన పోవు. థైరాయిడ్‌ని పాడుచేస్తాయనీ, పసిపిల్లల మెదడు ఎదుగుదలకి మంచివి కావనీ చెబుతారు. నా పాలల్లోకి కూడా వస్తాయండి."

అక్కా నేనూ రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళమే. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"మీది దీనివల్లేనని చెప్పలేమండి. ఎన్నో కారణాలుంటాయి," అంది కోడలు. "పిల్ల విషయంలో మాత్రం అనుమానం చాలు కదండీ."

అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు కోడలి మీద కోపం వచ్చింది. నిజం చెప్పినందుకు కాదు, అక్క ఎదురుగా చెప్పినందుకు. సోఫా ఉంచితే పిల్లకి చేటు, తీసేస్తే అక్క మనసు కష్టపడుతుంది.

మర్నాడు పొద్దున్నే అక్కే వచ్చి, "తీసేయించెయ్యవే," అంది.

తీసేయడం మేమనుకున్నంత తేలిక కాలేదు. మావారూ అబ్బాయీ దాన్ని కొబ్బరితోటలోకి మోసి, చుట్టూ ఎండు కొబ్బరి డొక్కలు పేర్చి తగలెట్టబోతే కోడలు వెళ్ళి ఆపింది. కాలిస్తే వచ్చే పొగ ఇంకా చెడ్డదట. కాలవలో పడేద్దామంటే ఆ నీళ్ళు కింద అల్లవరం వైపు రొయ్యల చెరువులదాకా పోతాయి, ఆ రొయ్యలు మళ్ళీ మన కంచంలోకే వస్తాయి. పాతిపెడదామంటే మా నేలలో కాస్త లోతు తవ్వితే చాలు నీళ్ళు ఊరతాయి. అందరం దాని చుట్టూ నిలబడ్డాం.

"పోనీ, మన కొబ్బరికాయలు వలిచే ఆయనకి ఇచ్చేద్దామా?" అన్నాడు అబ్బాయి. "వాళ్ళింట్లో కుర్చీ కూడా లేదు. సంతోషంగా పట్టుకెళ్తారు."

అక్క అడ్డంగా తలూపింది.

"వద్దురా. ఆళ్ళ కోడలు నెల తప్పింది," అంది. "మా మేడమ్ కూడా నెల తప్పేకే కదరా నాకిచ్చింది," అంది.

అబ్బాయి తల దించుకున్నాడు.

సోఫా ఇప్పుడు టార్పాలిన్‌లో చుట్టి, తాళ్ళు బిగించి, ఖాళీ పశువుల పాకలో ఉంది. ఎవరికి అప్పజెప్పాలో కోడలు ఇంకా కనుక్కుంటూనే ఉంది. ఆ మేడమ్ తెలిసి ఇచ్చిందో, తెలియక ఇచ్చిందో నాకు తెలియదు. తెలియకే ఇచ్చి ఉంటుందని నేను అక్కతో వాదిస్తూ ఉంటాను. అక్క ఊఁ కొడుతుంది. రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుని, పిల్ల లేచి పాకేలోపల, తడిగుడ్డ పిండుకుని ముందుగది నేలంతా తనే తుడుస్తుంది. ఇంకెవర్నీ తుడవనివ్వదు.