బావ పాత కంప్యూటర్లు

మా బావకి ఒకటే జబ్బు. పాత కంప్యూటర్ కంటపడితే దాన్ని రూటర్ చేసేదాకా నిద్రపట్టదు. ఆసుపత్రిలో ఒక గది సమాచారాన్ని ఇంకో గదికి దారి పట్టించే పనికి అందరూ ప్రత్యేకంగా చేసిన యంత్రాలు కొంటారు. మేం మాత్రం పారేసిన కంప్యూటర్లకు రెండేసి నెట్‌వర్క్ కార్డులు గుచ్చి నడిపేవాళ్లం. నడిపేవాళ్లం అనడం మర్యాద కోసం. రోగులకన్నా ముందు అవే పడకేసేవి.

ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌కి బావ అధికారి, ఆయన కింద బామ్మర్దిని నేను. ఎక్స్‌రే గది నుంచి ఫోనొస్తే నాకు చెమటలు పట్టేవి.

"బావా, మళ్లీ పోయింది."

"రిపేరు గదికి పంపు."

"ఒక్క మంచి రూటర్ కొందాం. నీ కాళ్లు పట్టుకుంటా."

"అదీ కంప్యూటరేరా. కాకపోతే మూత తీయనివ్వరు."

మా అక్క కుట్టుమిషన్‌ని మంచం కిందకి తోసేసింది. "దీనికీ కార్డు గుచ్చుతాడేమోరా" అంది. ఆ అనడంలో నవ్వు లేదు.

ఒక సోమవారం పొద్దున ఓపీ మొత్తం ఆగిపోయింది. వరండా నిండా జనం, చీటీ రాసే దిక్కులేదు. నాకు బతుకు మీదే విరక్తి పుట్టింది. డైరెక్టర్ గారు ఇద్దరినీ పిలిచారు.

"అసలైన యంత్రం కొంటున్నాం. బాగోగులు కంపెనీవాళ్లే చూస్తారు. రిపేరు గది మూసేస్తున్నాం."

బావ ముఖం పాలిపోయింది. అప్పుడు తట్టింది నాకు. ఆ గదిలో ఉండేది ఒక్కావిడే. పద్నాలుగేళ్లు మా టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసింది. వినికిడి పోయి ఉద్యోగం ఊడబోతుంటే, బావే అక్కడ కూర్చోబెట్టి పని నేర్పాడు. మూత తీయనివ్వని యంత్రమొస్తే ఆవిడకి పనెక్కడిది?

"తీసేస్తే నన్ను తీసేయండి సార్. ఆవిడకి నాకన్నా ఎక్కువే తెలుసు" అన్నాడు బావ.

"కొత్తది నడపగలదా?"

ఆవిడని పిలిపించి, ఆ ప్రశ్న కాగితం మీద రాసి ఇచ్చాం. చదివి, కింద రాసింది: "నడుపుతాను. ఈయన్ని మాత్రం దాన్ని ముట్టుకోవద్దనండి."

డైరెక్టర్ గారు నవ్వాపుకోలేకపోయారు. బావని స్టోర్సుకి మార్చారు. ఇప్పుడు నేను ఆవిడ కింద పనిచేస్తున్నాను, నెట్‌వర్క్ ఆగడం మరిచిపోయింది. అప్పుడప్పుడు బావ గుమ్మంలో నిలబడతాడు. ఆవిడ వేలు చూపించి బెదిరిస్తుంది. ఆయన బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు చూసి, ఈలవేసుకుంటూ వెళ్లిపోతాడు.